వెనక సీటు వేగం

కెమ్నిట్జ్,
ఏప్రిల్, ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

వందనాలు. ఫోన్ చేస్తే నువ్వు "మీటింగ్ ఉందిరా, తర్వాత చెప్పు" అని పెట్టేస్తావు. ఇది తర్వాత చెప్పే సంగతి కాదు. అందుకే ఉత్తరం. నువ్వు కూడా ఉత్తరమే రాయి. నా లాప్‌టాప్ దాన్ని వార్తలు చదివినట్టు చదివి వినిపిస్తుంది. నచ్చిన చోట వెనక్కి తిప్పుకుని మళ్ళీ వింటాను.

అక్కా, నేను సైకిల్ తొక్కాను!

కంగారు పడకు, ఒక్కణ్ణే కాదు. చూపు లేనివాళ్ళనీ ఉన్నవాళ్ళనీ జత కలిపే టాండెమ్ క్లబ్బు ఒకటి ఇక్కడుంది. టాండెమ్ అంటే ఇద్దరు తొక్కే సైకిలు. ముందు సీట్లో చూపున్నవాళ్ళు కూర్చుని హ్యాండిలూ బ్రేకులూ చూసుకుంటారు. వెనక సీట్లో నాలాంటివాడు. నా ముందు కూర్చున్నావిడ పేరు ఉలిగ్. బళ్ళో సంగీతం చెప్పి రిటైరయ్యారు. పొడగరి అనుకుంటా, మాట పైనుంచి వస్తుంది. ఎక్కగానే, "భయమేస్తే చెప్పు, ఆపేస్తాను" అన్నారు. "ఆపితేనే నాకు భయం" అన్నాను. పకపకా నవ్వి బయల్దేరదీశారు.

పదో తరగతిలో నా చూపు బాగా తగ్గిపోయాక, పాలకొల్లులో సైకిలుతో సహా కాలవలో పడ్డాను, గుర్తుందా? మర్నాడే నాన్న ఆ సైకిలు ఎవరికో ఇచ్చేశారు. తర్వాత బస్సెక్కాను, రైలెక్కాను, చదువుకని విమానమెక్కి ఈ జర్మనీ వచ్చాను. కానీ గాలి మొహాన కొట్టేలా మాత్రం ఎక్కడికీ పోలేదు. నిన్న నది పక్క దారిలో ఒక పల్లం వచ్చింది చూడూ! చొక్కా బుడగలా ఉబ్బిపోయింది. అరిచేశాను. తెలుగులోనే అరిచాను. ఆవిడ జర్మన్‌లో అరిచారు.

ఇప్పుడు అసలు పని. మేం ఎంత వేగంగా పోతున్నామో నాకు తెలియాలి. హ్యాండిలుకి పెట్టుకునే చిన్న మీటరు ఉంటుందట, సైకిల్ కంప్యూటర్ అంటారట. నువ్వు రోజూ ఆఫీసుకి సైకిలు మీదే కదా వెళ్ళేది, నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఒకటి చూసి పెట్టు. ఖరీదైనది వద్దు. యూనివర్సిటీలో చేసే పార్ట్ టైం జీతంలో నేనే కొనుక్కుంటాను. నువ్వు కొనిపెడితే అది నీ మీటరైపోతుంది.

నీ తమ్ముడు
డెరిక్

*

కొలోన్,
ఏప్రిల్ ఆఖరు

ఒరేయ్ డెరిక్,

నీ ఉత్తరం ఆఫీసులో తెరిచాను. "తెలుగులోనే అరిచాను" దగ్గరికొచ్చేసరికి నేనూ అరిచినంత పని చేశాను. పక్క సీటు నవ్యశ్రీ ఏమైందని లేచొచ్చింది. మా తమ్ముడు సైకిలెక్కాడని చెప్పాను. "అయ్యో, ముద్దొస్తున్నాడు, ఎన్నేళ్ళేంటి?" అంది. ఇరవై ఆరన్నాను. పాపం, ఇంకేం అడగలేదు.

అమ్మకి చెప్పావా? నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పను.

శనివారమంతా మా ఊళ్ళోని ఎరెన్‌ఫెల్డ్ పేటలో సైకిల్ దుకాణాలు తిరిగాను. ఎంత బాగుందో! రబ్బరు వాసన, గొలుసు నూనె వాసన, ఎవరో ఒకరు టైరుకి గాలి కొడుతున్న చప్పుడు. అన్నిట్లోకీ చవకది వైరుతో వచ్చే మీటరు. చక్రం స్పోకుకి ఒక అయస్కాంతం బిళ్ళ బిగిస్తారు, పక్కనే ఒక సెన్సర్. బిళ్ళ దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక చుట్టు అయినట్టు లెక్క. వానకి చెడదు, బ్యాటరీ చాలాకాలం వస్తుంది. దానికి పైన వైరు లేనిది. ఆ పైన జీపీఎస్‌వి, దారి పటం కూడా చూపిస్తాయి. అమ్మే ఆయన పటం ఉన్నదే తీసుకోమని ఒకటే పోరు. "మా తమ్ముడికి పటం ఎందుకండీ, వాడు దారి చూడడు" అన్నాను. నవ్వాలో వద్దో ఆయనకి అర్థం కాలేదు.

చివరికి పెద్ద పెద్ద అంకెలున్న వైరు మీటరు ఒకటి ఎంచి, ఎంత బాగా ఎంచానోనని మురిసిపోతూ ట్రామెక్కాను. ఇంటి స్టాపు దగ్గర దిగుతుంటే తట్టింది. పెద్ద అంకెలు నీకెందుకురా? ఆ దుకాణంలో ఉన్నవాటిలో ఒక్కటి కూడా నోరు విప్పదు!

నవ్వుకో. మళ్ళీ వెళ్తాను. దీని అంతు చూస్తాను.

సహానా అక్క

*

కెమ్నిట్జ్,
మే, బయట వాన

అక్కా,

పెద్ద అంకెల దగ్గర వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. నువ్వు నా చూపు సంగతి మర్చిపోయావంటే నాకెంత సరదాగా ఉందో నీకు తెలీదు. ఇక్కడ ఒక్కరూ మర్చిపోరు.

"ముందు సీటు వాళ్ళు చూసి చెప్తారుగా, నీకు వేరే మీటరెందుకు?" అని క్లబ్బులో ఒకాయన అడిగాడు. ఎందుకో నీకు చెప్తాను, ఇంకెవరితో అనకు. ఉలిగ్ గారు దారంతా చెప్తూనే ఉంటారు, "ఇరవై నాలుగు! ఇరవై ఆరు! శభాష్!" అని. కానీ నా ఫోన్ కూడా దారి నమోదు చేస్తుంది. ఇంటికొచ్చి వింటే ఎప్పుడూ ఆవిడ చెప్పిన దానికంటే తక్కువే. మంచావిడ, నన్ను సంతోషపెట్టడానికి కాస్త కలిపి చెప్తున్నారేమో. అలా అనిపించినప్పటి నుంచీ ఆవిడ శభాష్ అంటే నాకు ఒళ్ళు మండుతోంది.

ఇంకో సంగతి. టాండెమ్‌కి ముందు పెడళ్ళూ వెనక పెడళ్ళూ గొలుసుతో కలిపి ఉంటాయి. ఆవిడ తొక్కితే నావీ తిరుగుతాయి. నేను ఊరికే కాళ్ళు ఆనించి కూర్చున్నా తిరుగుతాయి. అలాంటప్పుడు నేను తొక్కుతున్నానని ఏమిటి గుర్తు? నేను తొక్కేవాణ్ణా, వెనక కట్టిన సామాన్నా?

సెప్టెంబర్లో క్లబ్బు వాళ్ళు అగుస్టుస్‌బుర్గ్ కోటకి వెళ్తున్నారు. కోట గుట్ట మీద ఉంది. కింద నుంచి పైకి తాడుతో లాగే చిన్న రైలుంది. ఎక్కలేనివాళ్ళు అందులో రావచ్చని ముందే చెప్పారు. నేను రైల్లో వెళ్ళను. పెడళ్ళ మీదే పైకి వెళ్తాను. ఆ లోపల నాకు నిజం చెప్పే మీటరు కావాలి.

డెరిక్

*

కొలోన్,
జూన్ మొదటి వారం

ఒరేయ్,

దొరికింది!

మీటరు హ్యాండిలు మీద ఉండాలని నేనెందుకు అనుకున్నాను? తప్పంతా అక్కడే ఉంది. చక్రం మధ్యలో రబ్బరు పట్టీతో కట్టే సెన్సర్ ఒకటుంది, అగ్గిపెట్టె కన్నా చిన్నది. అది నేరుగా నీ ఫోన్‌తో మాట్లాడుతుంది. ఫోన్‌లో యాప్ ఉంటుంది, నిమిషానికోసారి వేగం పైకి చెప్తుంది. ఫోన్ నీ దగ్గర ఎలాగూ ఉంది కాబట్టి కొనాల్సింది సెన్సర్ ఒక్కటే. నేను మొదట ఎంచిన వైరు మీటరు కంటే రవ్వంత ఎక్కువ, అంతే. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ వద్దు, చెవి ముందు ఎముక మీద ఆనేది పెట్టుకో. రోడ్డు చప్పుడు నీకు వినపడాలి.

కొనేముందు పని చేస్తుందో లేదో చూడాలి కదా! దుకాణంలో ఒకటి అడిగి తెచ్చుకుని, కెల్లర్‌లోకి, అదే మా బిల్డింగు నేలమాళిగలోకి దిగి, నా సైకిలు దుమ్ము దులిపి తలకిందులుగా పెట్టి, చక్రం చేత్తో తిప్పాను. ఫోన్ "పద్దెనిమిది" అంది. కదలకుండా పద్దెనిమిది! ఇంకా గట్టిగా తిప్పాను. "ముప్పై!" పైవాటా ముసలాయన వచ్చి చూసి, ఏమీ అడక్కుండా తన సీసాల పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

కాళ్ళ బలం కొలిచేవి కూడా ఉన్నాయిరా, పెడల్లోనే అమర్చి ఉంటాయి. కానీ వాటి ధరకి ఇంకో సైకిలొస్తుంది. నువ్వు సామానా కాదా అన్నదానికి నా దగ్గర చవక జవాబు లేదు.

సెన్సర్ పోస్టులో వేశాను. రసీదు కూడా పెట్టాను, నీ పంతం నీది కదా.

సహానా

*

కెమ్నిట్జ్,
జూన్, సెన్సర్ వచ్చిన వారం

అక్కా! అక్కా! అక్కా!

ముందు కొలత సంగతి విను. యాప్‌కి చక్రం చుట్టుకొలత చెప్పాలి కదా. క్లబ్బు షెడ్‌లో నేనూ ఉలిగ్ గారూ నేల మీద కూర్చున్నాం. గాలి కొట్టే వాల్వు నేలకి ఆనిన చోట టేపు అంటించాం. చక్రం ఒక్క చుట్టు దొర్లించి, వాల్వు మళ్ళీ కిందికొచ్చిన చోట ఇంకో టేపు. టేపు అంచులు వేళ్ళతో తడిమి కొలబద్ద నేను పట్టుకున్నాను, అంకె ఆవిడ చదివారు. చదివి తన మీటరు బటన్లు టకటకా నొక్కడం మొదలుపెట్టారు.

"ఏమైందండీ?" అన్నాను.

"నా మీటర్లో వేరే అంకె ఉంది" అన్నారు. అది ఆవిడ ఇంట్లో ఉన్న పెద్ద చక్రాల సైకిలుదట. తీసి టాండెమ్‌కి పెట్టుకున్నారు గానీ చక్రం చిన్నదని మీటరుకి చెప్పలేదు. అది పాపం ప్రతి చుట్టునీ పెద్ద చుట్టుగానే లెక్కేసుకుంటూ పోయింది. "అయితే ఇన్నాళ్ళూ నేను అందరికీ అబద్ధం చెప్తున్నానా!" అని నెత్తి కొట్టుకున్నారు. చప్పుడు నాకు వినపడింది.

నాకు సిగ్గేసింది. కావాలనే కలిపి చెప్తున్నారనుకున్నానని చెప్పేశాను. ఆవిడకి కోపం వచ్చింది. "ముప్పై ఏళ్ళు సంగీతం చెప్పాను. శ్రుతి తప్పిన పిల్లల్ని బాగా పాడావని ఒక్కసారీ అనలేదు. నీకెందుకు చెప్తాను?" అన్నారు. అక్కా, నన్నెవరైనా అలా తిట్టి ఎంత కాలమైందో!

ఇక ఆ యాప్ గొంతు. జర్మన్‌లో పెట్టాను. ట్రామ్‌లో టికెట్లు అడిగేవాళ్ళ గొంతు అచ్చం. "ఇరవై ఒకటి" అంటుంది, మెచ్చుకోలు లేదు, జాలి లేదు. ఇద్దరికీ వినపడాలని స్పీకర్లో పెట్టాం. ఉలిగ్ గారు దానితో దెబ్బలాడతారు. "ఎదురుగాలి ఉందమ్మా, కనపడటం లేదా?" అంటారు. ఆదివారం ఒక పల్లంలో అది "ముప్పై ఎనిమిది" అంది. ముప్పై ఎనిమిది! నిజం ముప్పై ఎనిమిది!

సరే గానీ, ఒక మాట అడుగుతాను. రోజూ తొక్కే సైకిలు కెల్లర్‌లో ఎందుకుంది? దానికి దుమ్మెందుకు పట్టింది? చక్రం చేత్తో తిప్పే బదులు ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళి రావచ్చుగా?

డెరిక్

*

కొలోన్,
జులై

డెరిక్,

ముప్పై ఎనిమిది అంటే మాటలు కాదు. చాలా సంతోషం.

ఈ మధ్య ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. ట్రామే సుఖంగా ఉంటోంది. ఎండలో నీళ్ళు బాగా తాగు. కోట సంగతులు రాస్తూ ఉండు.

సహానా

*

కెమ్నిట్జ్,
ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం మరీ చిన్నది. లాప్‌టాప్ ఊపిరి తీసుకునేలోగా అయిపోయింది. సరే, నువ్వు చెప్పేదాకా అడగను.

ఇక్కడ కొంప మునిగింది. ఉలిగ్ గారు ప్లమ్ పళ్ళు కోస్తూ నిచ్చెన మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కట్టు కట్టారు. ఆవిడ బాగానే ఉన్నారు, నాకే ఏడుపొస్తోంది. మిగతా పైలట్లకి, అంటే ముందు సీటు వాళ్ళకి, అందరికీ జతలు కుదిరిపోయాయి. "నువ్వు రైల్లో వచ్చి పైన మమ్మల్ని కలువు" అంటున్నారు.

అక్కా, నువ్వు రా. నువ్వే నా ముందు కూర్చో. చిన్నప్పుడు నన్ను వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళావుగా, ఇదీ అంతే. ఈసారి నేను కూడా తొక్కుతాను, అదొక్కటే తేడా.

డెరిక్

*

కొలోన్,
ఆగస్టు, నీ ఉత్తరం చూసిన రోజే

డెరిక్,

నేను రాలేను. ఎందుకో దాచకుండా చెప్తాను.

కిందటి నవంబర్లో వానలో ఆఫీసుకి వెళ్తుంటే నా ముందు చక్రం ట్రామ్ పట్టా సందులో ఇరుక్కుంది. ఎగిరి పడ్డాను. భుజం దగ్గర ఎముక విరిగింది. మీకు బెణికిందని చెప్పాను. వెనకే ఒక ట్రామ్ వస్తోంది. డ్రైవర్ ఆపాడు. చాలా దగ్గరికొచ్చి ఆగింది. దాని గంట మోత ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఎముక అతుక్కుంది. తర్వాత ఒకసారి సైకిలు వీధిలోకి తెచ్చి, పెడల్ మీద కాలు పెట్టాను. చేతులు వణికాయి. తీసుకెళ్ళి కెల్లర్‌లో పెట్టేశాను. అప్పటి నుంచీ తియ్యలేదు, నీ సెన్సర్ కోసం తిప్పి చూసినప్పుడు తప్ప.

నీకోసం ఆ దుకాణాలు తిరగడం నాకెంత బాగుందో చెప్పలేను. తొక్కకుండానే మళ్ళీ సైకిలు మనిషినైపోయినట్టు ఉంది. కానీ నిన్ను వెనక కూర్చోబెట్టుకుని రోడ్డు మీదకి రావడం వేరు. నేను పడితే నువ్వూ పడతావు. వద్దురా.

అక్క

*

కెమ్నిట్జ్,
మర్నాడే

అక్కా,

ఇంత జరిగితే ఒక్కదానివే ఆసుపత్రికి వెళ్ళొచ్చావా? నిన్ను నాలుగు తిట్టాలని ఉంది, ఎదురుగా ఉన్నప్పుడు తిడతాను.

విను. నేను ఎక్కిన ప్రతిసారీ ముందేముందో తెలియకుండానే ఎక్కుతున్నాను. నాకేం ధైర్యం ఎక్కువ కాదు. ఉలిగ్ గారు చెప్తూ ఉంటే దారి తెలుస్తుంది, అంతే. నీకు కనపడేదంతా నాకు చెప్పు. పట్టాలొస్తే చెప్పు, దిగి నడిపించుకుపోదాం. ఆ తాడు రైలెక్కాల్సి వస్తే ఇద్దరం కలిసే ఎక్కుదాం, నాకేం చిన్నతనం లేదు.

నాలుగు రోజులు ముందు రా. ఉలిగ్ గారు నేర్పిస్తారట. "చెయ్యి విరిగింది గానీ నోరు విరగలేదు" అన్నారు.

టికెట్ తీసుకున్నాక రాయి.

డెరిక్

*

కొలోన్,
సెప్టెంబర్, సోమవారం

ఒరేయ్ డెరిక్,

తిరిగొచ్చేటప్పుడు కొలోన్ రైల్లో కూర్చున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్నావిడ తన పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది.

కోటకి ఇద్దరం కలిసే వెళ్ళొచ్చినా, నీకు తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. రాయకపోతే నాకు నిద్ర పట్టదు. మొదటిరోజు ఆ ఖాళీ పార్కింగ్‌లో ఉలిగ్ గారు కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ "ఒకటీ, రెండూ" అని తాళం వేస్తుంటే, నేను ఏడుస్తూ తొక్కాను. నీకు తెలియకూడదని ముక్కు కూడా ఎగపీల్చలేదు. నువ్వేమో వెనకనుంచి "ఎదురుగా ఏముంది? ఏ రంగు? ఎంత దూరం?" అని ప్రాణం తీశావు. నీలం కారు, చెత్త డబ్బా, దాని మీద కాకి అని చెప్తూ చెప్తూ మూడు చుట్లు తిరిగేశాను. కాకి ఎగిరిపోయిందని నీకు చెప్పాక గానీ నా చేతులు వణకడం లేదని గమనించలేదు.

కోట రోజు పొద్దున నది మీద మంచు పొగలా ఉంది. నీకు చెప్పాను కదా. కానీ మన సైకిలు ముందు నుంచి ఒక కొంగ లేచినప్పుడు మాత్రం చెప్పలేకపోయాను. ఎంత పెద్ద రెక్కలో! ఇప్పుడు చెప్తున్నాను.

గుట్ట మొదలయ్యాక ఆ తాడు రైలు చెట్ల మధ్య నుంచి పైకి పోతూ కనపడింది. కిటికీల్లోంచి జనం చేతులూపారు. "ఎడమ పక్క" అన్నాను, నువ్వు రాజుగారిలా చెయ్యెత్తావు. వాళ్ళు కేకలు పెట్టారు. అక్కడిదాకా బాగానే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆఖరి పెద్ద మలుపు ముందు నా కాళ్ళు అయిపోయాయిరా. ఇక ఒక్క తొక్కు తొక్కలేను. కాళ్ళు పెడళ్ళ మీద ఊరికే ఆనించి ఉంచాను, హ్యాండిలు మాత్రం గట్టిగా పట్టుకున్నాను. దిగిపోదామని అరవబోతే ఊపిరి లేదు. సైకిలు ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అని చూస్తున్నాను. నీ టికెట్ల గొంతు "ఏడు" అంది. తర్వాత "ఆరు" అంది. అయిపోయిందనుకున్నాను. మళ్ళీ "ఆరు" అంది. పెడళ్ళు నా కాళ్ళని మోసుకుంటూ తిరుగుతున్నాయి. మళ్ళీ "ఆరు"! మలుపు తిరిగి, చదును వచ్చి, కోట గోడ కనపడేదాకా ఆరే.

నువ్వు సామాను కాదురా. ఆ మలుపులో సామాను నేను.

ఆ క్షణంలోనే చెప్పాల్సింది. పైన అందరూ చప్పట్లు కొడుతుంటే, నువ్వు నన్ను వాటేసుకుని "సాధించాం అక్కా" అంటుంటే, నేనూ సాధించామనేశాను. పైకి లాగింది నువ్వే.

ఇవాళ ఆఫీసుకి సైకిలు మీద వెళ్ళాను. పట్టాలొచ్చిన ప్రతిచోటా దిగి నడిపించాను, అందరూ దాటిపోయారు, ఆలస్యమైంది. అయినా వెళ్ళాను. నవ్యశ్రీ నా హెల్మెట్ చూసి "మీ ఇంట్లో అందరూ ఇప్పుడే నేర్చుకుంటున్నారా?" అంది.

అమ్మకి ఇద్దరం కలిసి చెప్దాం.

సహానా అక్క

*

కెమ్నిట్జ్,
సెప్టెంబర్

అక్కా,

కొంగ దగ్గర వెనక్కి తిప్పుకుని చాలాసార్లు విన్నాను. ఉలిగ్ గారికి కూడా జర్మన్‌లో చెప్పాను. కట్టు విప్పగానే మనిద్దర్నీ ఆ నది దగ్గరికి తీసుకెళ్తారట, నీకు వచ్చే నెల సెలవు దొరుకుతుందా అని అడగమన్నారు.

ఆ మలుపు సంగతి నాకు తెలుసు.

పెడళ్ళు ఒకే గొలుసు మీద ఉన్నాయి కదా అక్కా. నువ్వు కాళ్ళు వదిలేసిన క్షణమే నా పెడల్ బరువెక్కిపోయింది. ముందు హడలిపోయాను, నీకేమైనా అయిందా అని. నీ ఊపిరి వినపడింది. ఆయాసమే, ఇంకేం కాదు. అప్పుడు అర్థమైంది, ఇద్దర్నీ లాగుతున్నది నేనేనని. తొడలు భగభగ మండిపోతున్నాయి. చెమట పెదాల మీదకి కారి ఉప్పగా తగులుతోంది. అది "ఆరు" అన్నప్పుడల్లా లోపల ఒక పండగ.

"అక్కా, కాస్త తొక్కు" అని ఒక్క మాట అంటే చాలు, ఎంత తేలికైపోయేదో. నోటిదాకా వచ్చింది. మింగేశాను. అన్నానంటే నువ్వు నిజంగానే మళ్ళీ తొక్కడం మొదలుపెడతావని భయమేసింది.

నీ తమ్ముడు
డెరిక్